ఆదెప్ప గోడలో తేనె

పెనుకొండ దగ్గర హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి సంగతిని ఇప్పుడు రెండు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఊళ్ళోవాళ్ళు చెప్పేది: లక్ష్మీదేవమ్మ తెచ్చిపెట్టుకున్న ఈగలు పక్కచేని ఆదెప్ప పట్టుపురుగులను కుట్టి చంపాయి. శిక్షణ తరగతుల్లో సార్లు చెప్పేది: తేనెటీగకూ, పట్టుపురుగును చంపే ఊజి ఈగకూ తేడా తెలియని ఒక రైతు ఊరికే రచ్చ చేశాడు. మొదటిది విని ఊరు తలాడిస్తుంది. రెండోది విని తరగతి నవ్వుతుంది. అలా నవ్విన ఒక తరగతిలో నేనూ ఉన్నాను. లేచి, "సార్, మీరు ఆ పురుగుల షెడ్డు చూశారా?" అని అడిగాను. చూడలేదట. "మరి ఏం చూసి నవ్వుతున్నారు?" అన్నాను. టీ కాస్త ముందుగానే వచ్చేసింది.

నేను చూశాను. చూసినదాన్ని కాబట్టి నాకైనా తేలిగ్గా అర్థమై ఉండాలి. కాలేదు. అందుకే రాస్తున్నాను.

అది 2023 ఎండాకాలం. నేనుండేది హిందూపురంలో, పుట్టింది ధర్మవరంలో మగ్గాలున్న ఇంట్లో. చదివింది బీఎస్సీ బాటనీ. చేసేది తేనెటీగల పెట్టెలు చేయించి రైతులకు ఇవ్వడం, ఇచ్చాక వాటి మంచిచెడ్డలు చూడటం. ఒక్కో పెట్టెలో ఒక్కో కాలనీ ఉంటుంది. అంటే ఒక రాణి, దాని చుట్టూ వేల సంఖ్యలో పనిచేసే ఈగలు. నేను పెంచేది మన నేలకు అలవాటైన రకాన్నే. మనవాళ్ళు పుట్టతేనె అంటారు, హిందూపురంలో కన్నడం కలిపి మాట్లాడేవాళ్ళు తుడువె అంటారు. పొద్దుతిరుగుడు పూతకు బయటినుంచి లారీల్లో వచ్చే ఇటాలియన్ ఈగలు తేనె ఎక్కువే ఇస్తాయి, కాదనను. కానీ పూత అయిపోగానే వాటికి చక్కెరపాకం పోసి ఇంకో జిల్లాకు తోలుకుపోవాలి. మనవి ఉన్నదానితో సర్దుకుంటాయి. సర్దుకోలేకపోతే చెప్పాపెట్టకుండా పెట్టె ఖాళీ చేసి గుంపంతా లేచిపోతాయి. దాన్ని మా వృత్తిలో అబ్‌స్కాండింగ్ అంటారు. పరారైనవాళ్ళ గురించి పోలీసులు కూడా ఇదే మాట వాడతారు.

శిక్షణలో మాకు ప్రపంచమంతా చూపిస్తారు. ఆఫ్రికాలో ఒకచోట ఏనుగులు చేలో పడకుండా తేనెపెట్టెలతో కంచె కట్టారు. స్లొవేనియాలో పెట్టెల ముఖాన రంగురంగుల బొమ్మలు వేస్తారు. ఇథియోపియాలో బోలు దుంగలను చెట్లకు వేలాడదీస్తారు. అమెరికాలో బాదం పూతకు దేశం ఈ కొసనుంచి ఆ కొసకు లారీల్లో మోస్తారు. అక్కడి మనుషులే అదంత మంచిది కాదంటున్నారట. యూరప్ పట్నాల్లో మిద్దెల మీద పెట్టెలు ఎక్కువై, ఊరిబయటి చిన్న ఈగలకు పూలు మిగలడం లేదన్న గొడవ కూడా ఉంది. అన్నీ చూశాను. ఒక్క బొమ్మలో కూడా పట్టుపురుగుల షెడ్డు లేదు.

నిజానికి నేను ఆ ఊరిని ఎంచుకున్నదే ఆ షెడ్ల కోసం. మల్బరీ ఆకు మీద పురుగుమందు పడితే అది తిన్న పట్టుపురుగు చస్తుంది. అందువల్ల పట్టు ఉన్నచోట మందు కొట్టడానికి చుట్టుపక్కలవాళ్ళు కూడా వెనకాడతారు. తేనెటీగకు అంతకంటే భద్రమైన చోటు మా తట్టు దొరకదు. పురుగు బతకాలని మందు మానేస్తే ఈగ బతుకుతుంది. ఈ మాట నేను ఎన్నో ఊళ్ళలో గొప్పగా చెప్పాను.

లక్ష్మీదేవమ్మకు ఆ ఊళ్ళో డ్రిప్పు కింద కర్బూజ తోట ఉంది. భర్త లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. తోటంతా ఆమే చూసుకోవాలి. అంతకుముందు పంటలో పూలు బ్రహ్మాండంగా పూసి, కాయలు మాత్రం సగం సొట్టలు పడ్డాయి. కర్బూజలో మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరాలంటే ఈగ రావాలి. చాలినన్ని సార్లు రాకపోతే కాయ ఒకవైపే ఊరి వంకరపోతుంది. ఆ ఏడు ఆమె నడుం వంచి పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించింది.

"అక్కా, ఈ తూరి కాయ నిలబడకపోతే నేను గార్మెంట్స్ ఫ్యాక్టరీ బస్సు ఎక్కేస్తా. పొద్దున్నే మా రోడ్డుమీదే ఆగుతాది. మా చిన్నాయన కూతురు పోతాండాది. ఈ కర్బూజ మొగం మల్ల చూడను," అంది నాతో. చూడను అంటూనే ఒక తీగను పక్కకు జరిపి, తొక్కకుండా నడిచింది. ఆమెకు తోట కావాలి. బస్సు వద్దు. గట్టు మీద నాలుగు పెట్టెలు పెట్టాను. ఎవరూ దగ్గరికి పోకూడదని, ప్రతి పెట్టె మీదా పసుపు పెయింటుతో "జాగ్రత్త, ఈగలు" అని నేనే పెద్ద అక్షరాలతో రాశాను.

ఆ గట్టుకు అవతలే ఆదెప్ప మల్బరీ తోట, పురుగుల షెడ్డు.

పూత మంచి ఊపుమీద ఉండగా లక్ష్మీదేవమ్మ ఫోన్ చేసింది. "అక్కా, బిరీన రా. ఆదెప్ప పెట్టెలు తీసేయమంటాండాడు. నీ ఈగలు వాళ్ళ పురుగుల్ని కుట్టినాయంట."

నేను వెళ్ళేసరికి ఆదెప్ప షెడ్డు ముందు ఒక పళ్ళెంలో పురుగులు పెట్టుకుని కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. కోపంలో కూడా కుర్చీ తెప్పించాడు. పురుగులు నాలుగో జ్వరం లేచినవి. జ్వరం అంటే జబ్బు కాదు. పట్టుపురుగు కుబుసం విడవడానికి మేత మానేసి కదలకుండా పడుకోవడాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక పురుగు తెగ మేస్తుంది, ఆ తర్వాత గూడు కడుతుంది. రైతు కష్టమంతా చేతికొచ్చే ఆ ఘడియలో పురుగుల ఒంటిమీద నల్లమచ్చలు కనిపించాయి.

"నువ్వే సూడు మేడం. ఇదేంది? ఈగ కుట్టిన గుర్తు కాదా?"

"అన్నా, అది ఊజి."

"ఊజి అంటే ఏంది?"

"ఒక రకం ఈగ."

"మల్ల? నేను చెప్తాండేదీ అదే కదమ్మా."

ఊజి ఈగ పట్టుపురుగు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు ఒంట్లోకి దూరిన చోట నల్లమచ్చ పడుతుంది. గూడు కట్టకముందే పురుగు చస్తుంది, లేకపోతే కట్టిన గూటికి చిల్లి పొడుచుకుని ఊజి పిల్ల బయటికొస్తుంది. చిల్లిపడిన గూటినుంచి దారం తెగకుండా రాదు. అలాంటి దారం మా ధర్మవరం మగ్గాలకు పనికిరాదని నాకు చిన్నప్పటినుంచి తెలుసు. ఇదంతా ఆదెప్పకు నాకంటే బాగా తెలుసు. షెడ్డు చుట్టూ నైలాన్ వల కట్టింది ఊజి రాకూడదనే. ఆయనకు తేడా తెలియదనే సార్లు ఇక్కడే పప్పులో కాలేశారు.

"ఊజి నాకు తెల్దా మేడం? చారలుంటాయి, ఇంత లావుంటాది. నీ ఈగకు చారల్లేవా?"

"ఉన్నాయి గానీ అన్నా, ఇవి ఆ ఈగలు కావు. ఇవి తేనెటీగలు. పురుగు జోలికే పోవు."

"తేనెటీగలో ఈగ ఉండాదా, ల్యాదా? పెట్టెమీద నువ్వే రాసినావు కదా పసుపురంగుతో. నేను రాసిన్నా?"

చదువుకున్నదాన్ని, వాదనలో ఓడిపోవడం అలవాటు లేనిదాన్ని. కానీ నా చేతిరాతే నాకు ఎదురు తిరిగింది. సరే, నిరూపిద్దామని షెడ్డు చుట్టూ తిరిగాను. వల నిండా నా ఈగలే. బయట గుంపులుగా వాలి ఉన్నాయి. లోపల కూడా కొన్ని వలకు అంటుకుని రెక్కలు కొట్టుకుంటున్నాయి.

"ఏం పని వీటికీడ? మల్బరీకి తేనె ల్యాదు, పువ్వు ల్యాదు," అన్నాడు ఆదెప్ప, నా మొహం చూసి. నా ప్రశ్నా అదే.

కాసేపటికి అర్థమైంది. ఎండకు షెడ్డు వేడెక్కకుండా గోడలకు గోనెపట్టలు వేలాడదీసి, పొద్దుగూకులూ నీళ్ళు చల్లుతుంటారు. ఎండాకాలంలో తేనెటీగకు తేనెకంటే నీళ్ళే ముఖ్యం. మోసుకెళ్ళి పెట్టెలో చిలకరించి, రెక్కలతో విసిరి చల్లబరుస్తుంది. ఆ తట్టు తడి ఉన్నది ఈ గోనెపట్టల్లోనే. ఆకు తెచ్చేటప్పుడు తలుపు తెరిస్తే కొన్ని లోపలికి దూరుతున్నాయి, బయటికి పోయే దారి తెలియక వల మీద పడి చస్తున్నాయి. వచ్చినవి నీళ్ళకు. పురుగులతో వాటికి పనిలేదు. ఈ సంగతి గెలిచినదానిలా వివరించాను.

"సరే, నీళ్ళకే వచ్చినాయనుకో. ఊజి ఎట్ల వచ్చె? రెండు నెలలుగా వల ఇట్లే ఉండాది. ఒక్కటీ రాల్యా. నీ పెట్టెలొచ్చినాకే వచ్చె," అన్నాడు ఆదెప్ప.

అప్పుడు ఆయన భార్య సుబ్బరత్నమ్మ, ఆకుగంప దించుతూ, ఏదో వంటింటి మాట చెప్పినట్టు చెప్పింది. "వల నేను ఎత్తినా."

ఆమెవైపు అందరం తిరిగాం.

"మద్యాన్నం ఈయప్ప నిద్రపోతాడు కదా. ఆ ఈగలు రెక్కలు కొట్టుకోని సస్తాంటే సూడలేకపోయినా మేడం. కింద అంచు కొంచెం ఎత్తి పట్టుకుంటే పోతాయి పాపం. రోజూ ఎత్తినా. జీవం కాదా?"

"అప్పుడు ఊజి వచ్చి ఉంటుందా?" అన్నాను.

"వచ్చుంటాది. నేను పోయేటియి చూసినా, వచ్చేటియి చూడల్యా."

ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు. కానీ ఆదెప్ప నవ్వేశాడు. "దీని మాట పట్టుకుంటావా మేడం? అంచు ఎత్తితే ఎంత సందు వస్తాది? ఈగలు కుట్టినాయి, అంతే." సుబ్బరత్నమ్మ చేసింది చేసినట్టు చెప్పినా, మొగుడికి అది లెక్కలోకి రాలేదు. ఊరికీ రాలేదు, శిక్షణ తరగతికీ రాలేదు. ఈనాటికీ రెండు కథల్లోనూ సుబ్బరత్నమ్మ లేదు. నాకు తిక్క రేగేది ఇక్కడే.

అయితే నేనూ ఎటూ తేల్చుకోలేకపోయాను. ఊజిని తేనెటీగ తేలేదు. కానీ తేనెటీగ రాకపోతే వల లేచేది కాదు. వల లేవకపోతే ఊజి వచ్చేది కాదు. అప్పుడు తప్పు ఈగది కాదని ఎలా చెప్పను? అవునని ఎలా చెప్పను? జాలిపడిన మనిషిదని చెబుదామా అంటే నా నోరు రాదు. ఆ జాలి నా ఈగల మీదే కదా.

ఆదెప్ప మధ్యేమార్గం చెప్పాడు. "తోటకు ఆ పక్క మూలన పెట్టుకోమను. నాకేం అడ్డం ల్యా."

కుదరదన్నాను. తేనెటీగల పెట్టెను జరపాలంటే మూడడుగులలోపు జరపాలి, లేదంటే మూడు మైళ్ళ అవతలికి పోవాలి. ఇది ప్రపంచమంతటా మా వృత్తిలో చెప్పుకునే లెక్క. తోట ఆ మూలకు జరిపితే ఈగలు పొద్దున్నే మేతకు పోయి, సాయంత్రానికి పాత గట్టు మీదికే వచ్చి, పెట్టె లేని చోట గిరగిరా తిరుగుతాయి.

"అంటే ఆ మూలకు పోదు గానీ, ధర్మవరానికి పోతాదా?"

"పోతుంది."

"దగ్గరికంటే తెలీదంట, దూరమంటే తెలుస్తాదంట. బలే ఈగలమ్మా నీవి."

చుట్టూ చేరిన ఊళ్ళోవాళ్ళు కూడా నవ్వారు. నేను చెప్పింది పచ్చి నిజం. వినడానికి మాత్రం పచ్చి అబద్ధంలా ఉంది. కొత్త పురుగులు చాకీ నుంచి, అంటే పసిపురుగులను పెంచి ఇచ్చే చోటునుంచి, షెడ్డుకు వచ్చేలోపు పెట్టెలు తీసేయాలని మాట అయింది.

ఈలోపు నాకు చేతనైంది చేశాను. పెట్టెల పక్కన వెడల్పు తట్టల్లో నీళ్ళు పోసి, ఈగలు మునగకుండా గులకరాళ్ళు వేశాను. ఇతర దేశాల్లో పెంపకందారు తన ఈగలకు నీళ్ళు తానే పెట్టాలి, పొరుగువాడి కొళాయి మీదికి తోలకూడదు. అది అక్కడి మర్యాద. నా ఈగలు ఆ మర్యాద నేర్చుకోలేదు. తట్టల్లో తేటనీళ్ళు మిలమిలలాడుతున్నా దాటుకుంటూ పోయి అవే మురికి గోనెపట్టల మీద వాలాయి. శిక్షణ సారుకు ఫోన్ చేశాను. "నీళ్ళు పెట్టండి మేడం," అన్నాడు. "పెట్టాను సార్." "అయితే వస్తాయి." "రాలేదు సార్." "రావాలే," అన్నాడు. ఆ మాట ఈగలతో ఆయన్నే చెప్పుకోమన్నాను.

ఇంకొకటి కూడా అప్పుడే గమనించాను. మొదట్లో కర్బూజ పూలమీద గింజంత నల్ల ఈగలు కొన్ని తిరుగుతుండేవి. ఎవరూ పెంచనివి, ఎవరికీ పేరు తెలియనివి. నా పెట్టెలు వచ్చాక అవి కనబడలేదు. ఎండకు పోయాయా, నావి తరిమాయా, నేనే చూడటం మానేశానా, నాకు తెలియదు. పర్యావరణానికి మేలు అని ప్రతి సభలోనూ చెప్పే నోటితో, ఎవరి మేలు అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

పెట్టెలు తీసుకెళ్ళాల్సిన రోజు సాయంత్రం, ఈగలన్నీ గూటికి చేరాక, వాకిళ్ళకు జాలీ కొట్టి ఒక్కొక్కటే ఎత్తాం. మూడు బరువుగా ఉన్నాయి. నాలుగోది ఎత్తితే చెయ్యి తేలికగా పైకొచ్చింది. మూత తీస్తే ఖాళీ మైనపు పలకలు, అడుగున నాలుగు చీమలు. అబ్‌స్కాండింగ్. అది నా మంచి కాలనీ. దాని రాణికి ఆ ఏడాదే గుర్తు పెట్టాను. రాణి వీపుమీద చిన్న రంగుచుక్క పెట్టడం ప్రపంచమంతా ఉన్న పద్ధతి. ఏడాదికో రంగు. ఆ ఏడాదికి ఎరుపు. దానికోసం ప్రత్యేకమైన పెన్ను అమ్ముతారు. నేను మా అక్క కూతురి పెళ్ళికి కొన్న గోళ్ళరంగు వాడాను. అదృష్టవశాత్తూ అది కూడా ఎరుపే.

"పోయినాయా అక్కా?" అంది లక్ష్మీదేవమ్మ.

"పోయాయి."

"ఇంగ మిగిలింది గార్మెంట్స్ బస్సే," అని చీరకొంగు దులుపుకుంది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏ దేశపు బొమ్మా లేదు. మూడు పెట్టెలను ధర్మవరం వైపు ఒక దానిమ్మ తోటలో దించి ఇంటికొచ్చాను.

కొన్నాళ్ళకు ఫోన్ మోగింది. పొద్దునే, పూలు విచ్చే వేళ. "అక్కా, ఈగలు వస్తానే ఉండాయి. కాయ నిలబడ్తాండాది. గుండ్రంగా ఉండాది."

"ఎక్కడినుంచి వస్తున్నాయి?"

"నువ్వు రా. చెప్తే నమ్మవు."

వెళ్ళాను. ఆదెప్ప షెడ్డు పక్కన పాత కొట్టానికి రాతిగోడ ఉంది. ఆ గోడ సందులోంచి తేనెటీగలు వస్తున్నాయి, పోతున్నాయి. సందు కింద పసుపు, కుంకుమ. నడుముకు తుండు చుట్టుకుని ఆదెప్ప నవ్వుతూ ఎదురొచ్చాడు.

"సూసినావా మేడం, మా ఇంట్లో తేనె కట్టింది."

మా తట్టు తుట్టె కట్టిన ఈగల గుంపును కూడా తేనె అనే అంటారు. నేను గోడవైపు చూశాను, ఆయనవైపు చూశాను. "అన్నా, ఇవి ఈ..." అనబోయాను. లక్ష్మీదేవమ్మ నా కాలి మీద కాలేసి తొక్కింది. చెప్పుకాలు.

"తేనె ఊరకే వాలదు మేడం. ఇంటికి మంచి జరిగేటిదుంటేనే వాల్తాది. ఈ తూరి గూళ్ళు సూడు, రాళ్ళున్నట్లుండాయి. హిందూపురం మార్కెట్లో చేతికి తీసుకున్నోడు కింద పెట్టల్యా," అన్నాడు ఆదెప్ప.

"ఊజి రాలేదా?"

"యాడొస్తాది? తేనె ఉండే చోటికి ఊజి రాదు."

వెనక సుబ్బరత్నమ్మ కూర్చుని వల అంచుకు గోనెపట్ట కుడుతోంది. దట్టంగా, చీమ కూడా దూరనట్టు. నేను చూస్తున్నానని తెలిసి కూడా తల ఎత్తలేదు.

"అన్నా, ఒక్క రాయి తీసి లోపల చూడనిస్తావా? రాణిని ఒక్కసారి చూసి మళ్ళీ పెట్టేస్తాను," అన్నాను.

"ఏంటికి మేడం? వాటంతట అవి వచ్చినేటియి. కదిలిస్తే పోతాయి. నీ పెట్టెల ఈగలనుకుంటివా ఇవి? ఇది తేనె."

లక్ష్మీదేవమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టు అవతలికి లాక్కుపోయింది. "అక్కా, నీకు దండం పెడ్తా. నువ్వు గెలిస్తే ఈగలంటాడు, పొగ పెడ్తాడు. నా కాయలు ఇంకా పచ్చివే. నోరు మూసుకో."

జీవితంలో నాకు నోరు మూసుకోమన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మూసుకున్నది ఆ ఒక్కసారే. ఆమె బస్సు ఎక్కలేదు. ఇప్పటికీ తోటే చేస్తోంది. ఆ ఏడు కాయలు గుండ్రంగా, వలలాంటి గీతలతో, మా ఇంటికి కూడా ఒక గంప వచ్చాయి.

ఈ కేసు ఏం నేర్పిందని అడిగితే, సూటిగా చెప్పలేను. పెట్టెలో ఉంటే ఈగ, గోడలో ఉంటే తేనె. ఒకే ప్రాణిని ఒక పేరుతో పిలిస్తే పొగ పెడతారు, ఇంకో పేరుతో పిలిస్తే పసుపు పూస్తారు. ఆ తర్వాత నేను పెట్టెల మీద "జాగ్రత్త, ఈగలు" అని రాయడం మానేసి "తేనె" అని రాయడం మొదలుపెట్టాను. అప్పటినుంచి దారినపోయేవాళ్ళు మూతలెత్తి చూసి కుట్టించుకుంటున్నారు. అది ఇంకో తలనొప్పి.

గోడ చూసిన ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు సుబ్బరత్నమ్మను పక్కకు పిలిచి అడిగాను, "నిజం చెప్పు, ఇవి మా గట్టుమీద పెట్టెనుంచి వచ్చినవి కావా?"

ఆమె దారం కొరికి సూది కొంగుకు గుచ్చుకుంది. "ఎవరియైతే ఏం మేడం. తేనెమీద పేరు యాడ రాసుంటాది?"

రాసి ఉంటుంది. ఎక్కడ రాసి ఉంటుందో నాకు తెలుసు. రాతిగోడ లోపల, చీకట్లో, ఒక్కదాని వీపు మీద. ఆదెప్ప షెడ్డు పక్కగా బస్సు వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి ఆ గోడను చూస్తాను. ఆ రాణి వీపున నా గోళ్ళరంగు ఉందా, లేదా?